ఒకటి రెండైన పొద్దు

ఆ రోజుల్లో అండాన్నీ వీర్యకణాన్నీ ఆసుపత్రిలో కలిపి, చిన్న గాజుపెట్టెలో ఇంటికి పంపేవారు. పిండం ఎదిగితే తల్లి గర్భంలో పెట్టేవారు. దమయంతికి అంతకుముందు వచ్చినవేవీ ఎదగలేదు. వంటింటి అరమీద ఉన్నదే ఆఖరిది.

పొద్దున్నే పప్పు రుబ్బుతున్న అత్తగారు పైడితల్లి పెట్టె మూతకున్న భూతద్దంలోంచి లోపలికి చూసి మిక్సీ ఆపేసింది.

"ఓలమ్మీ, ఇలాగ్రా. ఒకటి రెండయింది."

దమయంతి తడిచేతులతోనే పరుగెత్తుకొచ్చింది. అద్దం కింద మసక వెలుగులో, ఒక్క కణం చీలి ఏర్పడ్డ రెండు బుడగలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. పిండం ఎదగడం మొదలైంది.

"నలుగుర్ని కన్నాను గానీ, నా లోపల ఇలాగ జరిగుంటాదని నాకు తెల్దే," అంది పైడితల్లి నెమ్మదిగా.

ఆమె తన ముడతల కడుపు మీద చెయ్యి వేసుకుని చాలాసేపు అలాగే నిలబడిపోయింది.