నువ్వుగింజంత రాయి

“రాయి లేదని ఎట్టా రాస్తారమ్మా? నా ఒంట్లో ఉన్నది నాకు తెలవదా?”

రాజరత్నం రిపోర్టును బల్ల మీదకు విసిరాడు. డాక్టర్ ఝాన్సీలక్ష్మికి ఒళ్లు మండిపోయింది. నరసరావుపేటలో స్కానింగ్ సెంటర్ పెట్టిన దగ్గర్నుంచి కోపిష్టి పేషెంట్లు ఆమెకు కొత్త కాదు. కానీ ఈయన మరీ నెత్తికెక్కి కూర్చుంటున్నాడు.

“నిన్న తీసిన స్కాన్ నేనే చూశాను. రెండు కిడ్నీలూ శుభ్రంగా ఉన్నాయి. సంతోషంగా ఇంటికెళ్లండి.”

“నొప్పితో సచ్చిపోతుంటే సంతోషమా? ఇంట్లోవాళ్లు నమ్మట్లా. మీరూ నమ్మట్లా. నేనేమన్నా నటిస్తన్నానా?”

మాచర్లలో సిమెంటు కొట్టు ఆయనది. కొట్లో హమాలీలను అదిలించే గొంతునే ఇక్కడా వాడుతున్నాడు. బయట కుర్చీల్లో ఉన్నవాళ్లు మెడలు చాచి చూస్తున్నారు.

“నొప్పి ఏ పక్క?” పళ్లు కొరుకుతూ అడిగింది.

“ఎడం పక్క. కుడి పక్క కూడా. ఏ పక్కయితే ఏంది? మీ మిషన్ రెండు పక్కలా చూడదా?”

నొప్పి మనిషిని పిచ్చివాణ్ని చేస్తుందని ఆమెకు తెలుసు. అయినా జాలి పుట్టలేదు. ఆ మొహం చూస్తేనే చిరాకు.

“రాయి లేకుండా నేను కదలను. మాచర్ల బజారంతా చెబుతా. ఇక్కడ కళ్లు మూసుకుని రిపోర్టులు రాస్తారని చెబుతా.”

ఆ మాట ఆమెకు చురుక్కుమంది. నిజానికి నిన్న రద్దీలో ఆమె చూసినవి మందపాటి బొమ్మలు. స్కానింగ్ మిషన్ ఒంటి చుట్టూ తిరిగి తెచ్చేది లెక్కలే. వాటి నుంచి బొమ్మలు కట్టేది కంప్యూటరు. ఎంత మందంలో కట్టమంటే అంత మందంలో కడుతుంది. దోసకాయను లావుగా తరిగితే లోపలి గింజ పైకి కనపడదు. చిన్న రాయి కూడా అంతే.

నిన్నటి లెక్కలు మిషన్‌లో ఇంకా ఉన్నాయి.

“నోరు మూసుకుని కూర్చుంటే మళ్లీ చూస్తాను,” అంది.

ఈసారి బొమ్మలను బాగా పలచగా కట్టమంది. తెర మీద ఇసుక చల్లినట్టు చుక్కలు వచ్చాయి. పలచన చేస్తే వచ్చే చిక్కే అది.

“అదిగో, రాయి!” రాజరత్నం కుర్చీలోంచి లేచాడు.

“కాదు.”

“పోనీ, ఆ పక్కది?”

“కాదన్నానా! వెనక్కి జరగండి!”

బొమ్మను లెక్కలతో మళ్లీ మళ్లీ పోల్చి, దొంగ చుక్కలను చెరిపేసే పద్ధతి ఒకటుంది. దాన్ని నడిపించింది. చుక్కలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. ఒక్కటి మాత్రం పోలేదు. ఎడమ కిడ్నీ అడుగున, తెల్లగా, నువ్వుగింజంత.

ఝాన్సీలక్ష్మి దాన్ని పెద్దది చేసి చూసింది. రాయే. ఈ మొరటు మనిషి చెప్పిందే నిజం. తప్పు తనదే. చచ్చేంత సిగ్గేసింది. అంత సిగ్గుపడేలా చేసినందుకు ఆయన మీద ఇంకా కోపం వచ్చింది.

“ఉంది,” అంది చివరికి. “కానీ ఇంత చిన్నదానికి మీరు చెప్పేంత నొప్పి రాకూడదు. నీళ్లు బాగా తాగి...”

“అయ్యన్నీ తర్వాత. ముందు రాయి ఉందని రాయండి. చిన్నదని మాత్రం రాయమాకండి.”

“సైజు రాయకుండా సంతకం పెట్టను.”

“మీ మొండితనం పాడుగాను! సరే, ఏదో ఒకటి రాసియ్యండి.”

సంతకం ఆరకముందే కాగితం లాక్కున్నాడు. మళ్లీ మళ్లీ చదువుకున్నాడు. ఒక్క మంచి మాటైనా అనకుండా, ఫిల్ముల కవరు బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయాడు.

ఎంత పొగరుబోతైనా, తప్పు చేసింది తను. క్షమించమని ఒక మాట అనకపోతే మనసు ఊరుకునేలా లేదు. ఆమె కవరు తీసుకుని వెనకే వెళ్లింది.

రాజరత్నం మెట్ల దగ్గర ఫోన్ చెవిన పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇందాకటి అరుపులు లేవు. గొంతు ఏడుస్తున్నట్టుంది. మొహం మాత్రం తేటగా ఉంది.

“నేనేం జేసేదిరా తమ్ముడా, నాకే రాయి ఉందని డాక్టరమ్మ రాసిచ్చింది, ఇంక నా కిడ్నీ నీకు పెట్టనియ్యరంట!”