గడప దాటని మనిషి

గోదాములో మూటలు మోసే భర్త మిట్టమధ్యాహ్నమే ఇంటికొచ్చి గడప బయట ఆగాడు.

"పీడ విరగడైంది. అటక మీది ఎలుకలన్నీ వాటంతటవే చచ్చాయి. నేనే ఎత్తి పారేశాను," అంది భార్య, ఊడుస్తూ.

"చేత్తోనా?"

"కాకపోతే పటకారుతోనా? ఎలుకలు చస్తే బెంగపెట్టుకునే మనిషిని నిన్నే చూశాను."

"గోదాములోనూ ఇట్లాగే చచ్చాయి. ప్లేగట. ఎలుక ఒళ్లు చల్లబడితే దాని మీది పురుగులు మనుషుల్ని పడతాయట. డాక్టరు చెప్పాడు. ఆసుపత్రికి పద."

"నాకేం రోగం? నన్ను చూసి అంత దూరం నిలబడ్డావా? బాగుంది సంబడం. లోపలికి రా."

అతను కదల్లేదు.

"పొద్దుటి నుంచి నాకు జ్వరం. గజ్జలో బిళ్ళ కట్టింది," అన్నాడు.

ఆమె చీపురు గోడకి ఆనించి, చెప్పులు వేసుకుంది.