కబురు అందేదాకా

డాక్టరు దిగులుకిచ్చిన మాత్రల షీటును సూరమ్మ చెత్తబుట్టలో వేయబోతుంటే, కూతురు తనుశ్రీ చెయ్యి పట్టుకుంది.

“వారాలు గడిసిపోతన్నాయి. దిగులు తగ్గిందేటి? నాకొద్దివి,” అంది సూరమ్మ నీరసంగా.

“మందు మెదడుకి తొందరగానే చేరతాదమ్మా. కణాల్లో కబురు మోసే ప్రోటీన్లుంటాయి, అవి మారడానికే టైమ్ పడతాది. ఇంకొన్నాళ్ళు ఆగు.”

“నీ ల్యాబులో ఎలకలకి సెప్పుకో. మడిసి బాధ నీకేటి తెలుసు?”

తనుశ్రీ తలదించుకుంది. “పోయినేడు నేనూ ఇవే వేసుకున్నానమ్మా. నాకూ నెల దాటాకే తేలికయింది.”

సూరమ్మ షీటును బల్లమీద పెట్టేసింది.

“నాకు సెప్పకుండా ఒక్కదానివే పడ్డావా ఇంత బాధ? ఒకే ఊళ్ళో ఈ కాసిడీహ్ నుంచి నువ్వుండే బర్మామైన్స్ ఎంత దూరమే? పిలిత్తే రానా?” అని గట్టిగా తిడుతూ వంటింట్లోకెళ్ళి పొయ్యి వెలిగించింది.

తనుశ్రీ కళ్ళు తుడుచుకుని నవ్వింది. అమ్మ తిట్లు విని ఎన్ని నెలలయిందో.