నూనె పంచెలు

జూట్ మిల్లులో నార మెత్తబడ్డానికి నూనె పట్టించే నూనె మిషను మీద పనిచేసేవాళ్ళ పంచెలు పిండితే పెళ్ళివారింటి దీపాలన్నీ తెల్లార్లూ వెలుగుతాయని చెప్పుకునేవారు.

అందులో అబద్ధం కొంచెమే.

అరవై ఎనిమిది ఎండాకాలంలో ఓ మధ్యాహ్నం వాళ్ళు షిఫ్టు దిగి వస్తుంటే, గేటు బయట టీ బడ్డీ దగ్గర ఎవరో ముసలాయన అడ్డం నిలబడ్డాడు.

"బావూ, ఆ పంచె మార్సీసి, సబ్బెట్టి తానం సేసి ఇంటికెల్లండి. బీజాల తోలు మీద పులిపిరిలాటిది లేస్తే దాసకండి. పెద్దాసుపత్రిలో సూపించుకోండి."

అందరూ గొల్లుమన్నారు.

"ఏటి తాతా, మా పంచెల మీద పడ్డావేటి?" అన్నాడు గంగులు.

"సుకరోగాల మందులమ్మేవోడురా! ముందు బెదిరిస్తాడు, ఆనక సీసా తీస్తాడు సూడు," అన్నాడు ఇంకొకడు.

ముసలాయన చేతిసంచీ తిరగేశాడు. సీసా లేదు. సబ్బుబిళ్ళలు రాలాయి.

"ఓస్, సబ్బుల కంపెనీవోడు!"

నూకయ్య మాత్రం నవ్వలేదు.

అతనికి అప్పటికే ఒకటి లేచింది, శనగగింజంత. వచ్చే నెలలో పెళ్ళి. ఈ సంగతి పొక్కితే పాడు తిరుగుళ్ళ ఫలమంటారు. చీపురుపల్లి వాళ్ళు తాంబూలాలు వెనక్కి పంపేస్తారు.

ముసలాయన అతని మొహంలోకి చూశాడు.

"నీకున్నాదా, నాయినా?"

నూకయ్య ఆయన్ని మెడబట్టి గెంటాడు. "సిగ్గు నేదేటి ముసిలోడా? మల్లీ ఈ గేటు కాడ కనపడితే కాల్లిరగ్గొడతాను!"

"పెల్లికొడుక్కి కోపమొచ్చిందిరోయ్!" అన్నాడు గంగులు.

కిందపడ్డ ముసలాయన లేచి దుమ్ము దులుపుకున్నాడు. "గెంటితే గెంటావు గాని, సూపించుకో నాయినా."

మళ్ళీ ఆయన రాలేదు.

పెళ్ళయింది. శనగగింజ రేగుపండంతయి, పుండయింది. చివరికి భార్య కూర్మమ్మ కంటపడితే, ఆమే విశాఖపట్నం లాక్కుపోయింది.

"ఇది కేన్సరు. నూనె పనివాళ్ళకి వస్తుంది. చిన్నగా ఉన్నప్పుడే వస్తే కాస్త తోలు కోసి పంపేవాళ్ళం. ఇప్పుడు గజ్జల్లోకి దిగిపోయింది," అన్నాడు డాక్టరు. "ఎవరూ చెప్పలేదా?"

నూకయ్య ఆసుపత్రి నుంచి తిన్నగా మిల్లు గేటు దగ్గర టీ బడ్డీకి వెళ్ళాడు.

టీ బడ్డీవాడు చెప్పిన గుర్తులు పట్టుకుని శ్రీకాకుళం అవతల పల్లెకి వెళ్ళాడు, ఆ ముసలాయన కాళ్ళు పట్టుకుందామని. ఇల్లు దొరికింది. మనిషి దొరకలేదు. పోయిన వానాకాలంలోనే కాలం చేశాడట.

ఆయన భార్య జగ్గమ్మ వాకిట్లో చోళ్ళు చెరుగుతోంది.

"ఆయనకీ నాలాగే నూనె మిషను పుండు లేచిందేటమ్మా?"

"ఆయనకి కాదు బావూ, మా గుంటడు అప్పలసూరికి. కలకత్తా మిల్లులో తండ్రీకొడుకులిద్దరూ నూనె మిషను మీదే ఉండీవోరు. గుంటడు దాంతోనే పోయాడు."

చేట ఆపింది.

"ఆడు సిగ్గు సంపుకుని మొదట తండ్రితోనే సెప్పుకుంటే, పదిమందిలో ఆడి పంచె లాగి నవ్వినోడు మా ముసిలోడే."