ఆదివారం రోడ్డు

ఆ ఆదివారం కూడా ముసలాయన రోడ్డు నడిమధ్యలో వంగి ఉన్నాడు.

ఆతియా బ్రేకు తొక్కింది. పాత ఫియట్ మూలుగుతూ ఆగింది.

"మళ్లా గదే మనిషి!" పక్క సీట్లోంచి విసుక్కున్నాడు ఆమె అన్న అజర్.

మంచులోంచి ముసలాయన తల ఎత్తాడు. భుజాన గోనెసంచి ఉంది. తీరిగ్గా పక్కకు తప్పుకున్నాడు.

తూంకుంట దాటాక, ప్లాట్ల కోసం వేసి వదిలేసిన రోడ్డు అది. అర కిలోమీటరు పొడవున తిన్నగా పోతుంది. ఇళ్లు ఇంకా లేవలేదు. ఆదివారం తెల్లవారితే చాలు, ఆతియా తండ్రి, మెకానిక్ ఇనాయతుల్లా కుటుంబం మొత్తం అక్కడ వాలిపోయేది.

అరవై నాలుగు నాటి ఆ ఫియట్‌ను తుక్కు కింద కొని మూడేళ్లు కష్టపడ్డారు. ఇంజను పని ఇనాయతుల్లాది. సీట్లు కుట్టింది ఆయన భార్య మజీదా. స్ప్రింగులు కోసి బండిని కిందికి దించింది అజర్. ఇప్పుడు దాని కింద దూరాలంటే పిల్లి కూడా ఒకసారి ఆలోచించుకోవాలి. నడిపేది మాత్రం ఇరవై ఏళ్ల ఆతియా.

2012 ఫిబ్రవరి. షామీర్‌పేటలో పాత కార్ల పందెం ఇంకా రెండు వారాలే ఉంది. ఆ ఇంట్లో వాళ్లు నిద్రలో కూడా గేర్లు మారుస్తున్న రోజులవి.

మజీదా ఉప్పు, ఎండుమిరపకాయలు బండి చుట్టూ తిప్పి దిష్టి తీసింది. చేతులు కడుక్కుని స్టాప్‌వాచ్ పట్టుకుంది.

ఆతియా బండిని వదిలింది.

మంచు రెండుగా విడిపోయింది. కింద రోడ్డు ఉందో లేదో తెలియడం లేదు. తను నడపడం లేదని, ఎవరో తనను మెత్తగా ఎత్తుకుపోతున్నారని ఆతియాకు ఇక్కడ ఎప్పుడూ అనిపించేది. ఇంత హాయి ఆమెకు ఇంకెక్కడా దొరకలేదు.

"ఇరవై నాలుగు సెకన్లు!" అరిచింది మజీదా. "ఇంకొక్కటి తగ్గాలె బేటీ!"

ముసలాయన మెల్లగా బండి దగ్గరికి వచ్చాడు. వంగి కిందికి చూశాడు.

"బిడ్డా, దీని పొట్ట నేలకు ఆనేటట్టున్నది. పైలంగ నడుపు."

మజీదా చప్పున బండికీ ఆయనకూ మధ్యకు వచ్చింది. దిష్టి తీసిన చెయ్యి ఇంకా ఆరనే లేదు.

అజర్ తలుపు తోసుకుని దిగాడు. "నజర్ పెడ్తున్నవా? మేం రాకముందే వస్తవ్. రోడ్డు మీద వంగి ఏందో జేస్తవ్. ఏం పెడ్తున్నవ్ ఆడ?"

"పెడ్తలేను కొడకా, నేను..."

"ఇగ నడువు! పందెం అయిందాక ఈడ కనవడకు."

ఇనాయతుల్లా వినబడనట్టు బానెట్ ఎత్తి ఇంజను మీదికి వంగాడు. మామూలుగా పెద్దవాళ్లను పల్లెత్తు మాట అననిచ్చే మనిషి కాదు. కానీ పందెం దగ్గరపడితే ఎంత మెకానిక్కయినా పానా కన్నా నిమ్మకాయనే ఎక్కువ నమ్ముతాడు.

ముసలాయన సంచి సర్దుకుని మంచులోకి వెళ్లిపోయాడు. ఆతియాకు బాధేసింది. దిగి పిలుద్దామనుకుంది. పిలవలేదు.

మరుసటి ఆదివారం రోడ్డు ఖాళీగా ఉంది.

"పీడ పోయింది," అన్నాడు అజర్.

ఆతియా బండిని వదిలింది. మళ్లీ అదే మంచు, అదే హాయి. సగం దూరంలో కింద ఠంగుమంది. ఆ మైకంలో ఆమె ఆగలేదు. చివరిదాకా వెళ్లి తిరిగి వస్తుండగా ఇంజను ఒక్కసారిగా కీచుమని పట్టేసింది.

వెనక రోడ్డు పొడవునా నల్లటి చార. దాని మొదట్లో పిడికెడంత కంకర రాయి. ఇంజను ఆయిల్ ఉండే చాంబర్‌ను చీల్చేసింది.

ఇనాయతుల్లా జాకీతో బండిని లేపి, కింద పడుకుని చూశాడు.

"వారంల అయితదా అబ్బా?"

"కాదు బేటీ. పందెం పోయింది."

ఆతియా రోడ్డు మీదే కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చింది.

అజర్ ఆ రాయి తీసుకున్నాడు. "గా ముసలోడే పెట్టిండు. తిట్టిన కోపానికి పెట్టిండు."

తూంకుంటలో ఆరా తీస్తూ నలుగురూ ముసలాయన ఇల్లు పట్టుకున్నారు. ఆయన పేరు మైసయ్య అని అక్కడే తెలిసింది. వాకిట్లో ఆయన భార్య యాదవ్వ ఒక్కతే కూర్చుని ఉంది.

"నీ పెనిమిటి ఏడి అవ్వా?" గద్దించాడు అజర్. "ఇయ్యాల పొద్దుగాల మా బండి కింద ఈ రాయి పెట్టిండు."

"ఆయన బుధారమే పాయె కొడకా. కూసున్నోడు కూసున్నట్టే పాయె."

అజర్ రాయి పట్టుకున్న చెయ్యి కిందికి దించాడు.

యాదవ్వ లేచి అతని చేతిలోంచి రాయి తీసుకుంది. ఇంటి పక్కకు నడిచింది. గోడ వారగా మోకాలెత్తు కుప్ప ఉంది. కంకర, మేకులు, గాజుపెంకులు. ఆ రాయిని కూడా దాని మీద వేసింది.

"టిప్పర్లు పారబోస్కుంట పోతయి. మీరొచ్చే యాళ్లకు రోడ్డు సాఫ్ ఉండాలెనని ఐతారం ఐతారం కోడి కూయంగనే పోయి ఏరుకొస్తుండె."

మజీదా కొంగుతో నోరు కప్పుకుంది. ఇనాయతుల్లా తల వంచుకున్నాడు.

"మాకోసం ఎందుకవ్వా?" అడిగింది ఆతియా. "మేం ఆయనకు ఏమైతమని?"

"గా రోడ్డు పడ్డ జాగ మా మక్కచేనే బిడ్డా. ‘ఇన్నేండ్లకు మన చేన్ల ఒక ఆడిపిల్ల నవ్వుకుంట ఉరుకుతాంది, రాళ్లేరకుంటె ఎట్లనే’ అంటుండె."