స్టేషన్ల మేడమ్

ముందుగా ఒక మాట. మనవలు పుట్టాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే మన్నించండి. నా చేయి నెమ్మది. అయినా ముగించేదాకా కలం దించలేదు.

ఒడిశా తీరాన, తెలుగు జాలర్లుండే సోనేపూర్ ఒడ్డున ఆటో ఆగింది.

కళ్లజోడు పెట్టుకున్న పెద్దావిడ దిగింది. చేతిలో చిన్న పెట్టె.

గురువమ్మ ఎండుచేపలు తిరగేస్తోంది. పక్కన మనవరాలు రింకి కాకుల్ని తోలుతోంది.

"అమ్మా, మీ ఇళ్లలో ఈత బాగా వచ్చి కూడా నీళ్లలో పోయినవాళ్లున్నారా?"

గురువమ్మ చేయి ఆగిపోయింది.

"నా కొడుకు మసేను. పడవ మీంచి దూకినాడు, మరి తేల్లేదు. ఆడికి ముందు ఆడి బాబు, నా మొగుడు. ఈతలో ఆళ్లని మించినోళ్లు ఈ ఒడ్డున నేరు. గంగమ్మ తీసుకుపోనాది."

"గంగమ్మ కాదేమో. గుండె కావచ్చు. నీళ్లలో దూకితే గుండె లయ తప్పే జబ్బు ఒకటుంది, తండ్రి నుంచి పిల్లలకు దిగుతుంది. ఈ పాపకి పరీక్ష చేయనివ్వండి. కాస్త రక్తం కూడా తీస్తాను."

గురువమ్మ రింకి వైపు చూసింది. మసేను పోయాక కోడలు రొయ్యల కంపెనీలో పనికి కేరళ వెళ్లింది. ఇంట్లో తనకు తోడున్న ప్రాణం ఇదొక్కటే.

"ఒలే, సెయ్యియ్యి" అంది.

అంతలో ఆవిడ ఫోను మోగింది.

"సైటేషన్లా? బోలెడున్నాయి. అవి చాలు. ఇక నాకు మనుషులు కావాలి. ఇల్లిల్లూ తిరిగి పట్టుకుంటాను."

పక్కింటి జాలరి గురువులు వల బాగుచేసుకుంటూ ఆ మాట విన్నాడు.

అసలే తాబేళ్లు ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టే రోజులు. చేపల వేట నిషేధం. దొంగచాటుగా సముద్రంలోకి వెళ్లొచ్చిన పడవలు ఆ వీధిలో లేకపోలేదు.

"ఓలప్పా! స్టేషన్లు బోలెడున్నాయంట! ఇల్లిల్లూ తిరిగి మనుషుల్ని అట్టుకుంటాదంట! పోలీసోల మనిషి ఈవిడ!"

"సైటేషన్ అన్నాను బాబూ. స్టేషన్ కాదు." ఆవిడ నవ్వింది.

"సూడు, సూడు! ఆవిడ నోటితో ఆవిడే అంటంది!"

"మరి నెత్తురెందుకు?" అంది ఇంకో ఇల్లాలు. "దాంతో ఏలిముద్దరేయించి కేసు రాస్తాదేటి?"

జనం మూగారు. గురువమ్మ రింకి చేయి వెనక్కి లాగేసింది. ఆ పెట్టెను తానే మోసుకెళ్లి ఆటోలో పడేసింది.

"మళ్లీ వస్తాను. అంతవరకు పాపని నీళ్లలో దూకనివ్వకండి" అంది ఆవిడ.

"సూసినారా, శాపనార్తాలు కూడానా!" గురువులు ఆటో వెనక ఇసక చల్లాడు.

పిల్లలు "స్టేషన్ల మేడమ్, స్టేషన్ల మేడమ్" అంటూ పరుగెత్తారు. వీధిలో ఆ పేరే ఉండిపోయింది.

ఆవిడ మళ్లీ రాలేదు.

వానలు తగ్గాక, రింకి తోటిపిల్లలతో బాహుదా నది సముద్రంలో కలిసే మొగలో దూకింది. సముద్రం ఒడ్డున పుట్టిన పిల్ల, పైకి రాలేదు.

గురువులే దూకి లాక్కొచ్చాడు. గుండె మీద అదమగా అదమగా ఊపిరి అందింది.

"గంగమ్మకి కోపమొచ్చినాది. కోడిని కొయ్యాల" అన్నారు అందరూ.

"మొగుణ్నిచ్చాను. కొడుకునిచ్చాను. దీన్నివ్వను" అంది గురువమ్మ. "ఆటో పిలవరా, గురువులూ!"

బరంపురం ఆసుపత్రిలో డాక్టరు సస్మిత గుండె పరీక్ష చేసింది. ఒడియా ఆవిడే అయినా తెలుగు ధారాళంగా మాట్లాడుతుంది; పిన్నీ అనడానికి మాత్రం తన భాషలో మావుసీ అంటుంది.

"భయపడకండి, మావుసీ. రోజూ మాత్ర వేయాలి. ఈత మాన్పించాలి. పిల్ల బతుకుతుంది. అయినా, హైమ మేడమ్ మీ ఊరు రాలేదా? ఇలాంటి ఇళ్ల కోసమే ఈ తీరమంతా తిరిగారే, చిన్న పెట్టె పట్టుకుని!"

గురువమ్మ లేచి నిలబడింది.

"ఆవిడ పోలీసు కాదా? స్టేషన్లు బోలెడున్నాయని..."

సస్మితకు అది అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

"సైటేషన్లు, మావుసీ. ఆవిడ రాసినదాన్ని చదివి, 'ఇది హైమగారు కనిపెట్టారు' అని ఇంకో శాస్త్రవేత్త తన రాతలో పేరు చెప్పుకోవడం. గుండె లయ ఎందుకు తప్పుతుందో, అది తరతరాలకు ఎలా దిగుతుందో రాసేవాళ్లు ఏ దేశంలో ఉన్నా ఆవిడ పేరు తలవాల్సిందే."

"అంత పేరున్న మనిషి మా ఇసకలోకి ఎందుకొచ్చినాదమ్మా?"

"పేరు ఎవరి ప్రాణమూ నిలబెట్టలేదు అనేవారు."

"ఎక్కడుంటాదో సెప్పు. కాళ్లట్టుకుని తోడుకొస్తాను."

"లేరు, మావుసీ. మొన్న వానల్లో పోయారు. నిద్రలోనే."

గురువమ్మ ఏడవలేదు. కొంగు బిగించింది.

"ఐతే ఆ పెట్టె నువ్వట్టుకురా, అమ్మా. వీధి వీధంతా కూకోబెడతాను. రానోడి జుట్టట్టుకు ఈడ్చుకొస్తాను."

అన్నంత పనీ చేసింది. ఆ ఆదివారం వీధంతా వలల పాకలో కూర్చుంది.

"సూది నొప్పెడతాదేటి?" గురువులు గొణిగాడు.

"నోర్ముయ్యి. సముద్రంలో దూకినోడివి, సూదికి భయపడతావా?"

అందరికన్నా ముందు గురువమ్మే చేయి చాపింది. సూది దిగుతుంటే అడిగింది.

"ఈ జబ్బుని ఆవిడ మొదట ఎవులి నెత్తుట్లో కనిపెట్టినాది, అమ్మా?"

సస్మిత తల ఎత్తలేదు.

"తన నెత్తుటిలోనే, మావుసీ. తండ్రినీ తమ్ముణ్నీ సముద్రంలో పోగొట్టుకున్న జాలరి పిల్ల ఆవిడ, మీ పక్కనున్న రామయ్యపట్నం."

— జయలక్ష్మి, అరవై ఏడేళ్లు. ఇప్పుడు ఉంటున్నది అస్కా.