రాజోలు సెంటర్లో గల్ఫ్ మంత్రి

"ముందు పిల్ల పాస్‌పోర్ట్ ఇవ్వండి దుర్గారావుగారూ. పాల సంగతి తర్వాత చూద్దాం," అంది లోవమ్మ.

"శుభమా అని పాలాభిషేకం పెట్టుకుంటే నడిరోడ్డు మీద ఈ గొడవేంటమ్మా! సత్యశ్రీకి వీసా కొట్టించేశాను. ఎల్లుండి నాతోపాటే విమానం ఎక్కుతాది."

"ఎక్కదండి. మా చెల్లెలు తెలీక కూతురి పాస్‌పోర్ట్ మీ చేతిలో పెట్టింది. పిల్ల ఎల్లనని ఏడుస్తంది. నేనూ పంపనండి."

దుర్గారావు నల్ల కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని నవ్వాడు. గల్ఫ్‌లో అతను డ్రైవరు. సెలవుకొస్తే ఏజెంటు. ఆడవాళ్ళని అక్కడి ఇళ్ళల్లో పనికి పంపుతుంటాడు. విమానం ఎక్కించేదాకానే అతని బాధ్యత. ఎవరు ఏ ఇంట్లో పడ్డారో, ఎలా ఉన్నారో అతనికి పట్టదు. పన్నెండేళ్ళు అక్కడ వంటపని చేసి వచ్చిన లోవమ్మని పంపిందీ అతనే. అతని ఒంటి మీద అత్తరు వాసనకే ఆమెకి రోత పుట్టింది.

రాజోలు సెంటర్లో పొద్దున్నే మైకు మోగిపోతోంది. వీళ్ళు బతకడానికి వెళ్ళిన గల్ఫ్ దేశంలో వారం కిందట ప్రభుత్వం మారింది. యజమాని సంతకం లేకుండానే పని మారొచ్చని కొత్త కార్మిక మంత్రి అన్నాడట. అంతే, సెలవులో ఉన్న తొమ్మిదిమంది మగాళ్ళూ ఓ సంఘమైపోయారు. మన దగ్గర ఎవరు గద్దెనెక్కినా ఫ్లెక్సీ కట్టి పాలు పోస్తాం కదా, గల్ఫ్ మంత్రి మాత్రం ఏం పాపం చేశాడు?

ఇరవై అడుగుల ఫ్లెక్సీ. మధ్యలో తెల్ల తలగుడ్డతో మంత్రి. ఆయన గడ్డం కింద వరసగా తొమ్మిది మొహాలు, వాటి కింద పేర్లు, అక్కడ పనిచేసే కంపెనీలు, ఫోన్ నంబర్లతో సహా.

లోవమ్మ తలెత్తి చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఈయనేనాండి కొత్త మంత్రి? సరిగ్గా చూశారా?"

ఫ్లెక్సీ షాపు అయ్యప్పకి పౌరుషం వచ్చింది. "నెట్లో ఆ దేశం పేరూ, ఆ శాఖ పేరూ కొడితే మొదటొచ్చిన ఫోటో అండి ఇది!"

"నీకేం తెలుసు లోవమ్మా!" అన్నాడు దుర్గారావు. "వంటింట్లో గిన్నెలు తోమొచ్చినదానివి. మంత్రుల సంగతి మాకొదిలెయ్. వీసాలమ్ముకున్న పాత మంత్రిని జైల్లో ఏశారు. ఆడి మనుషుల్నీ ఏరి ఏరి పట్టుకుంటన్నారంట. ఇంక అక్కడంతా ధర్మరాజ్యమే. మీ పిల్ల పువ్వుల్లో పెట్టినట్టుంటాది. ముందు నువ్వో చెంబుడు పాలు పొయ్యి. పనికెళ్ళొచ్చిన ఆడోళ్ళ తరఫున ఒకళ్ళుంటే వీడియో బాగుంటాది."

"పోస్తే పాస్‌పోర్ట్ ఇస్తారా?"

"పొయ్యి, చూద్దాం."

ఇవ్వడని ఆ గొంతులోనే తెలిసిపోయింది. లోవమ్మ రెండు బిందెల పాలకేసి చూసింది. వీధి చివర అంగన్‌వాడీలో పిల్లలకి నీళ్ళపాలు పోస్తున్నారు, ఇక్కడ ప్లాస్టిక్ గుడ్డకి చిక్కటి పాలు. ఛీ అనుకుంది. మణికట్టు మీద కాలిన మచ్చ కనపడకుండా గాజులు లాక్కుని, బల్ల ఎక్కింది.

ఒక చెంబు పోసింది. మళ్ళీ చెయ్యి చాపింది.

"ఇంకో చెంబు ఇవ్వండి. బాబూ అయ్యప్పా, పైన మంత్రిగారొక్కరే కాదు, కింద వీళ్ళ మొహాలూ పేర్లూ కూడా పడాలి. దగ్గరకొచ్చి తియ్యి."

దుర్గారావు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. "చూశారా, లోవమ్మ దారికొచ్చేసింది! పాత మంత్రీ డౌన్ డౌన్! కొత్త మంత్రీ జిందాబాద్!"

పాలు మంత్రి గడ్డం మీంచి, తొమ్మిది మొహాల మీంచి కారి మురుగుకాలవలో కలిశాయి. రెండు కుక్కలు నాకడానికి వచ్చాయి. అయ్యప్ప ఫేస్‌బుక్‌లో లైవ్ పెట్టేశాడు. పాస్‌పోర్ట్ చేతికొచ్చేదాకా కదలనని లోవమ్మ ఆ బల్ల మీదే కూర్చుంది.

సాయంత్రం పకోడీలు తింటున్న దుర్గారావుకి ఫోన్ మోగింది. గల్ఫ్‌లో అతని గదిలోనే ఉండే మత్తయి. పదిమందీ వినాలని దుర్గారావు స్పీకర్ నొక్కాడు.

"మీకు బుద్ధుందా దుర్గారావుగారూ? ఎవరికండీ ఆ పాలు పోశారు?"

"ఎవరికేంటి? కొత్త మంత్రిగారికి!"

"కొత్తాయన కాదండి బాబూ, జైల్లో ఉన్న పాతాయనండి ఆయన! మీ వీడియో ఇక్కడంతా తిరిగేస్తంది. మీ అరుపులు తెలుగులో ఉన్నాయి, ఇక్కడోళ్ళకి కనపడింది బొమ్మొక్కటే. ఆడి మనుషులే అనుకుని మీ తొమ్మిదిమంది కోసం పోలీసులు మన గదికొచ్చేరు. ఇటేపు రాకండి. దిగితే దిగినట్టే లోపలేస్తారు!"

పకోడీల పొట్లం జారిపోయింది. క్షణంలో తొమ్మిదిమందీ ఫ్లెక్సీ మీద పడ్డారు. ఎవడి మొహం వాడు బ్లేడుతో కోసుకోవడమే. కిందామీదా పడి అచ్చు వేయించుకున్న మొహాలే అవి. చూస్తున్నకొద్దీ లోవమ్మకి మరింత అసహ్యమేసింది.

ఆమె బల్ల దిగి వెళ్ళి చెయ్యి చాపింది. దుర్గారావు సంచీలోంచి సత్యశ్రీ పాస్‌పోర్ట్ తీసి ఆ చేతిలో పెట్టాడు.

"తీసుకుపో తల్లీ. నాకే దారి లేదు, పిల్లనెక్కడికి తీసుకెళ్తాను?" అని నీరసంగా బల్ల మీద కూలబడ్డాడు. "అవునుగానీ, పన్నెండేళ్ళున్నావు గదా అక్కడ! ఆ మొహం నువ్వైనా గుర్తుపట్టలేదా?"

లోవమ్మ పాస్‌పోర్ట్‌ని కొంగులో ముడేసుకుంది. గాజులు పైకి తోసి మణికట్టు మీద మచ్చ చూపించింది.

"గుర్తుపట్టకేమండీ! మీరు నన్ను పంపింది ఆయన వంటింటికే గదండీ."